వోల్టేజ్ డ్రాప్: మూడు ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు, మూడు జవాబులు

ప్రశ్న: ఫ్లాట్ లోడు 5 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్ 230 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనిచేసే వంతు) 0.9, అంటే 24 ఆంపియర్లు. మీటర్ బోర్డు నుంచి 35 మీటర్లు, 4 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి వైరు. డ్రాప్ (దారిలో వైరులోనే తగ్గిపోయే వోల్టేజ్) ఒక సైట్ 5 వోల్టులంటోంది, ఇంకోటి 8.3, మరోటి 10. ఏది నమ్మాలి?

జవాబు: 10. ఈ వైరు నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 4.95 ఓములు. నిండు లోడులో పీవీసీ వైరు 70 డిగ్రీలకు చేరొచ్చు, అప్పుడు 5.92. కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావాలి కాబట్టి పొడవు రెండింతలు: 2×24×35×5.92÷1000 = 9.95 వోల్టులు, 4.3 శాతం. 8.3 అనేది చల్లటి వైరు లెక్క. 5 చూపిన సైట్‌లో రానూపోనూ కలిపిన పొడవు ఇవ్వాలేమో చూడండి.

మరో జవాబు: అసలు ముందు చూడాల్సింది వేడి. బ్రిటిష్ పట్టికల మీద నడిచే టూల్స్ చుట్టూ గాలి 30 డిగ్రీలనుకుంటాయి. మన ఎండలకు 40 పెట్టండి, వైరు మోయగల కరెంటుకు గుణకం 0.87. ఒకే కండ్యూట్‌లో (వైర్లు పోయే పైపు) మూడు సర్క్యూట్లుంటే ఇంకో 0.70. అలా 4 ఎంఎం వైరు మోయగల 32 ఆంపియర్లు కాస్తా 19.5కి పడిపోతుంది, మీ 24కే చాలదు. 6 ఎంఎం 25 దగ్గర ఆగుతుంది. 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్చి) పెట్టాలంటే వైరు ఆ 32 మోయాలి, కాబట్టి 10 ఎంఎం వేయాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: మూడూ వేర్వేరు పైపుల్లో వేస్తే?

జవాబు: పైపులు ఆనుకోకుండా ఎడంగా ఉంటేనే 0.70 తీసేయండి. అప్పుడు 6 ఎంఎంకి 35 ఆంపియర్లు దాటుతుంది, 32 ఎంసీబీకి సరిపోతుంది. డ్రాప్ 6.6 వోల్టులు.