ఎఫ్‌జీఎఫ్-2 ఎక్కువ మోతాదులో ఇచ్చినా ఎలుక లెన్స్ కణాలు ఫైబర్లుగా సాగడం లేదు

పుట్టి 3 రోజులైన ఎలుక పిల్లల కంటి లెన్స్ నుంచి ఎపిథీలియం (ముందువైపు కణాల పొర) వలిచి, కాప్సూల్ (లెన్స్‌ను కప్పే పలుచటి పొర) అంచుల్ని డిష్‌కి అదిమి, కణాలు పైకి ఉండేలా పెంచుతున్నాం. మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) ఎం-199, 0.1 శాతం బీఎస్ఏ (ఆల్బుమిన్ ప్రోటీన్), సీరమ్ లేదు. ఎఫ్‌జీఎఫ్-2 (కణాల పెరుగుదలకు సంకేతమిచ్చే ప్రోటీన్) మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు, మీడియంతో పాటు 48 గంటలకోసారి.

5 నానోగ్రాములకైతే కణాలు విభజన చెందడమే తప్ప ఫైబర్లుగా సాగకపోవడం మామూలే. మాకు 100కీ అదే జరుగుతోంది. 5వ రోజుకీ ఒకే పొర, కిక్కిరిసిన చిన్న కణాలు, గుండ్రటి కేంద్రకాలు. బీటా-క్రిస్టలిన్ (ఫైబర్ కణాల్లో వచ్చే ప్రోటీన్) అంచున సన్నటి పట్టీలా కనిపిస్తుంది (అంచు కణాలు ముందుగా స్పందిస్తాయి కాబట్టి వింతేమీ కాదు), మధ్యలో శూన్యం. గామా-క్రిస్టలిన్ ఎక్కడా లేదు.

కొన్నింట్లో కాప్సూల్ ముడతలు పడి, కదురు ఆకారపు కణాల్లో ఆల్ఫా-ఎస్ఎంఏ (మృదు కండర రకం ఆక్టిన్) వచ్చింది. ఇలాంటి మార్పు తెచ్చే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ మీద అనుమానంతో, దాని సంకేతాన్ని అడ్డుకునే ఎస్‌బీ-431542 కలిపాం. ముడతలు పోయాయి, సాగడం మాత్రం రాలేదు. కొత్త వయల్, విడివిడిగా గడ్డకట్టించిన ఆలిక్వాట్లు (చిన్న భాగాలు) వాడినా తేడా లేదు.

అసలు ఆధారం వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను గుర్తించే పరీక్ష)లో ఉందనిపిస్తోంది: 20 నిమిషాలకు ఫాస్ఫో-ఈఆర్‌కే (కణంలోపల సంకేతాన్ని మోసే ఈఆర్‌కే ప్రోటీన్ చురుకైన రూపం) బలంగా ఉంది, 6 గంటలకు కంట్రోల్ స్థాయికి పడిపోయింది. 37 డిగ్రీల దగ్గర ఎఫ్‌జీఎఫ్-2 త్వరగా చెడుతుందని తెలుసు. దాన్ని నిలకడగా ఉంచే హెపారిన్ కలిపితే కొంచెమే మెరుగు.

ఈఆర్‌కే సంకేతం నిలిచి కణాలు సాగాలంటే, ఇదే పద్ధతిలో మీరు ఎఫ్‌జీఎఫ్-2ను ఎన్ని గంటలకోసారి మళ్లీ కలుపుతున్నారు?