హ్యాండిల్ పైకి లేపాలా, ముందు సీటు చూసుకోవాలా?

నెల్లూరు, మైపాడు రోడ్డు:
వారానికి నాలుగు రోజులు తెల్లారకముందే గేర్ సైకిల్ మీద మైపాడు బీచ్ దాకా పోయి వస్తాను. ఇందుకూరుపేట దాటేసరికి ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఇంటికొచ్చాక చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతోంది. హ్యాండిల్ సీటు కన్నా మూడు వేళ్లు కిందికి ఉంది. షాపులో మేస్త్రి "హ్యాండిల్ లేపేద్దాం సార్, హాయిగా ఉంటుంది" అంటున్నాడు. నాతో వచ్చే మిత్రుడేమో "హ్యాండిల్ ముట్టుకోవద్దు, సీటు సంగతి చూడు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కావలి, పాత నల్ల సైకిల్:
లేపు నాయనా, ఆలోచించొద్దు. నలభై ఏళ్లుగా నేను తొక్కేది నల్ల సైకిలే. దాని హ్యాండిల్ సీటుకి సమంగానో కాస్త పైనో ఉంటుంది, పిడులు మన వైపుకి వంగి ఉంటాయి. వీపు నిటారుగా ఉంటే చేతుల మీద బరువు పడదు. దాణా బస్తాలు మోసినా నాకు వేళ్లు తిమ్మిరెక్కిన గుర్తు లేదు.
నల్ల సైకిల్ ఉన్నవాళ్లకి పద్ధతి చెబుతా. హ్యాండిల్ నడిమి బోల్టుని పానాతో రెండు మూడు చుట్లు వదులు చేయండి, ఊడదీయొద్దు. అయినా హ్యాండిల్ కదలదు, లోపల అడుగున ఏటవాలు ముక్క బిగుసుకుని ఉంటుంది. బోల్టు తల మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే టక్కున దిగుతుంది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పుతూ లాగండి. హ్యాండిల్ నుంచి సైకిల్ లోపలికి దిగే కాడ మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనపడకూడదు. నేనొకసారి ఆ గీత దాటి లేపా. గుంతలో పడగానే హ్యాండిల్ ఊగిపోయి పక్కకి పడ్డా, పది రోజులు మణికట్టు వాచింది. కడ్డీ బ్రేకులుంటే కడ్డీలు కూడా మళ్లీ సర్దాలి, లేకుంటే బ్రేకు చక్రాన్ని పట్టేస్తుంది.

ఒంగోలు, కొత్తపట్నం రోడ్డు:
పెద్దాయన మాట నల్ల సైకిల్ వరకు నిజం. గేర్ సైకిల్‌కి నేను ఒప్పుకోను. నల్ల సైకిల్ సీటు వెడల్పు, కింద స్ప్రింగులుంటాయి. మన సీటు సన్నం, గట్టి. నేనూ రెండు అంగుళాలు లేపించా. చేతులకి హాయే. వారం తిరక్కముందే ముడ్డిపూస నొప్పి మొదలైంది, ప్రతి గుంతా వెన్నులోకి తగిలేది. మధ్యాహ్నం దాటి సముద్రం వైపు వెళ్తే ఎదురుగాలంతా ఛాతీ మీదే.
ఆ రెండు వేళ్లకి పోయే నరం అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు నలుగుతోంది. అక్కడ బరువు ఎందుకు పడుతోందో చూడాలి గానీ హ్యాండిల్‌ని తిట్టి లాభం లేదు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకి జారుతుంది, ఆ జారుడంతా చేతులే ఆపాలి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. ఆ ఎత్తు, ముక్కు వాలు సరిచేశాకే హ్యాండిల్ మాట.

కావలి, పాత నల్ల సైకిల్:
సీటు ముందు అన్నది ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ యాభై దాటిన నడుము వంగమంటే వంగదు. మా వయసు వాళ్లకి హ్యాండిల్ సీటు ఎత్తుకి రాకుండా హాయి రాదు.

సింగరాయకొండ, సైకిల్ రిపేర్లు:
ఇప్పటి గేర్ సైకిళ్లలో చాలావాటికి లాగితే లేచే కాడ ఉండదన్నా. హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ కింద రింగులుంటాయి. స్టెమ్ పైన కూడా రింగులుంటే వాటిని కిందికి మార్చినంతే లేస్తుంది. లేకుంటే స్టెమ్‌ని తిరగేసి బిగించాలి.
పక్క బోల్టులు వదులు చేశాకే పైమూత తీయండి. బిగించేటప్పుడు ముందు పైమూత, అది బేరింగుల లూజు తీయడానికే. తర్వాత చక్రానికి సూటిగా చూసుకుని పక్క బోల్టులు. ఇది తలకిందులు చేసి, హ్యాండిల్ కటకటలాడుతోందని మా దగ్గరికి తెచ్చేవాళ్లు ఎందరో. బిగింపు ఎంతో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దరిదాపు. చివరికి హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేకు వైర్లు లాక్కుపోవడం లేదని చూడండి.
నన్నడిగితే ఒక్కసారే రెండు అంగుళాలు లేపడమే తప్పు. ఒక్కో రింగు మార్చి, మూడు రోజులు తొక్కి, అప్పుడు ఇంకోటి.

నెల్లూరు, మైపాడు రోడ్డు:
సీటు మీద అట్ట పుస్తకం, దాని మీద ఫోను పెట్టి, వాలు చూపే యాప్‌లో చూశా. ముక్కు బాగా వాలే ఉంది, సమం చేశా. బ్రేకు మీటలు మరీ పైకి ఉండి మణికట్టు వెనక్కి విరుగుతోంది. ముంజేతికి సూటిగా వేళ్లు వచ్చేలా కిందికి తిప్పా. నిన్న బీచ్ దాకా పోయొస్తే ఉంగరం వేలు బాగుంది, చిటికెన వేలి కొస ఇంకా మొద్దుగానే ఉంది. ఇవాళ ఒక్క రింగు మార్పిస్తున్నా.

కావలి, పాత నల్ల సైకిల్:
మంచిది నాయనా. అప్పటికీ తగ్గకపోతే సైకిల్ పక్కనబెట్టి డాక్టర్‌కి చూపించు.