మేనత్త 1969 నుంచి ఇంగ్లండ్‌లోనే ఉంది, పాస్‌పోర్ట్ మాత్రం ఇండియాదే. విండ్‌రష్ గొడవ ఆమెకూ తగులుతుందా?

కావలి కుర్రాడు:
మా మేనత్త నర్సుగా వెళ్లి బర్మింగ్‌హామ్‌లో స్థిరపడింది. మామయ్య పోయాక ఒంటరిగా ఉంటోంది. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటే మనది పోతుంది, ఊళ్లో తాతయ్య మాగాణికి చిక్కొస్తుందని తీసుకోలేదు. అక్కడ ఉండొచ్చని ముద్ర వేసిన పాత పాస్‌పోర్ట్ ఎక్కడో పోయింది. ఇప్పుడు కావలి వచ్చి రెండు మూడేళ్లు మా దగ్గర ఉంటానంటోంది. ఎప్పుడో బ్రిటన్ వెళ్లి స్థిరపడ్డవాళ్లను కాగితాల్లేవని ఇబ్బంది పెట్టిన ఆ విండ్‌రష్ గొడవ గురించి చదివినప్పటినుంచీ నాకు టెన్షన్‌గా ఉంది.

గూడూరు శీను:
అది జమైకా, బార్బడోస్ వాళ్ల సమస్య బ్రదర్. అత్తకేం కాదు.

ఒంగోలు అక్క:
అలా తీసిపారేయకండి శీను గారూ. నేను వుల్వర్‌హాంప్టన్‌లో చాలాకాలం ఉన్నాను. మా పక్కింటి జమైకా పెద్దావిడ చిన్నపిల్లగా వాళ్లమ్మ పాస్‌పోర్ట్ మీద వచ్చింది. జమైకాకు 1962లోగానీ స్వాతంత్ర్యం రాలేదు. 1948 చట్టం బ్రిటన్‌కూ దాని వలస రాజ్యాలకూ కలిపి ఒకే పౌరసత్వం పెట్టింది కాబట్టి, వచ్చిననాడు ఆవిడ పరాయి మనిషే కాదు. తర్వాత 1971 చట్టం, 1973 జనవరి 1 నాటికి స్థిరపడినవాళ్లు ఉండిపోవచ్చంది. కానీ చేతికి కాగితం ఇవ్వలేదు! ఇన్ని కుటుంబాల ఉసురు పోసుకున్నది అక్కడే. 2014 చట్టంతో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా కాగితాలు చూడాల్సి వచ్చింది, అదీ మొదట మా వెస్ట్ మిడ్‌లాండ్స్‌లోనే పెట్టారు. ఆవిడ ఇల్లు మారదామంటే ఎవరూ ఇవ్వలేదు. ఏ ఏటికా ఏడు రుజువు తెమ్మంటే, జీవితమంతా పన్ను కట్టిన మనిషి ఎక్కణ్ణుంచి తెస్తుంది? వాళ్లు ఓడ దిగిననాటి ల్యాండింగ్ కార్డుల్ని 2010లో హోం ఆఫీసే నాశనం చేసింది. అయినవాళ్లను చూసొద్దామని కరీబియన్ వెళ్లి, తిరిగి రానివ్వక అక్కడే చిక్కుకున్నవాళ్లూ ఉన్నారు. 2018లో ఆ రచ్చలోనే హోం మంత్రి అంబర్ రడ్ రాజీనామా చేసింది.

మీ అత్తగారి సంగతికొస్తే, ఇలాంటివాళ్లకు కాగితాలివ్వడానికి ఆ ప్రభుత్వం పెట్టిన విండ్‌రష్ స్కీమ్ కరీబియన్ వాళ్లకే కాదు తమ్ముడూ. 1973కి ముందు స్థిరపడ్డ కామన్‌వెల్త్ దేశాల వాళ్లందరికీ ఉంది, మన ఇండియా వాళ్లతో సహా. ఫీజు లేదు. పౌరసత్వం వద్దనుకుంటే, అక్కడ ఉండే హక్కుకు రుజువు ఒక్కటే అడగొచ్చు. నా భయమల్లా ఆ రెండు మూడేళ్ల మాట మీదే. వరసగా రెండేళ్లు దాటి బయట ఉంటే ఆ హక్కు పోతుంది. రుజువు చేతికి రాకుండా టికెట్ కొననివ్వకండి.

కావలి కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అక్కా. పాత పాస్‌పోర్ట్ లేకుండా ఏం చూపించాలి?

ఒంగోలు అక్క:
నర్సు కదా, అదే మేలైంది. నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు, పెన్షన్ కాగితాలు, పనిచేసిన ఆసుపత్రి ఉత్తరాలు, పిల్లలుంటే వాళ్ల స్కూలు కాగితాలు, అన్నీ పనికొస్తాయి.

గూడూరు శీను:
నాకు ఇండియా వాళ్లకూ ఉందని తెలియదు మేడమ్. మాగాణి గురించి ఒక్క మాట: అత్త బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నా, ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లు పొలం కొత్తగా కొనకూడదుగానీ, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. తాతగారి పొలం అత్త పేరున ఎక్కిందో లేదో ముందు అడంగల్‌లో చూసుకోండి.