బ్యాంకాక్‌లో ఒక్క రోజు ఖాళీ: ఏనుగెక్కకుండా అడవి చూసి రావడం ఎలా?

కాట్రేనికోన రైతు అడిగారు:

నమస్కారమండీ. మాది కాట్రేనికోన దగ్గర పల్లె. ఆరెకరాల వనామీ రొయ్యల చెరువులు. మేత డీలరు గారు ఈసారి పద్నాలుగు మంది రైతుల్ని థాయ్‌లాండ్ తీసుకెళ్తున్నారు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు. ఊళ్ళో థాయ్‌లాండ్ అనగానే ఎలా నవ్వుతారో మీకు తెలుసుగా. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "నా టికెట్ కూడా తీయండి" అంది. తీశాను.

ఇప్పుడు అసలు సంగతి. ప్రోగ్రాం కాగితంలో మూడో రోజు ఇలా ఉంది: పొద్దున ఏనుగు సవారీ, మధ్యాహ్నం పులిపిల్లకి పాలసీసా పడుతూ ఫొటో, సాయంత్రం మొసళ్ళ ఆట. మా అమ్మాయి కాకినాడలో జువాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ కాగితం చదివి, "నాన్నా, ఏనుగు మీద కూర్చున్న ఫొటో గానీ స్టేటస్ పెట్టావంటే సంక్రాంతికి ఇంటికి రాను" అంది. పండక్కి అలగాల్సింది అల్లుడు కదండీ, కూతురు కాదు. ఇంకా అల్లుడే లేడు.

నిజం చెప్పాలంటే నాకూ మనసొప్పలేదు. కిందటేడు ఓ రాత్రి రెండింటికి కరెంటు పోతే జనరేటర్ వెయ్యడానికి చెరువు మీదకి వెళ్ళాను. గట్టు మీద బావురుపిల్లి, అదే చేపలు పట్టుకు తినే అడవిపిల్లి. నా చేతిలో టార్చి, దాని నోట్లో చేప. పారిపోతుందనుకున్నా, పోలేదు. నాకేసి చూసి, చేపని కింద పెట్టి, మళ్ళీ నోట కరుచుకుని, మెల్లిగా తుంగలోకి దిగిపోయింది. మా వైపు టైగర్ అంటే రొయ్యేనండీ. పిల్లైనా పులైనా, నేను ఎదురుగా చూసింది ఆ ఒక్కదాన్నే. అది చూసొచ్చిన నేను సీసా పాలు తాగే పులిపిల్ల పక్కన పళ్ళికిలించాలంటే ఎందుకో సిగ్గుగా ఉంది.

అందుకని ఆ రోజు గ్రూపుని వదిలేసి, సొంత ఖర్చుతో ఇద్దరం పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చేద్దామని. బ్యాంకాక్ నుంచి ఒక్క రోజులో అయ్యే చోటు ఏది? బోర్డు మీద సంరక్షణ కేంద్రం అని ప్రతివాడూ రాసుకుంటున్నాడు, అసలుదేదో దొంగదేదో ఎలా తెలుస్తుంది? మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పైగా కార్తీకమాసం, నీచు ముట్టం. నా ఇంగ్లీషు మందు డబ్బా మీద డోసు చదివేంతవరకే. "థాయ్‌లాండ్ వెళ్ళి అడవేంటి బాబాయ్" అనేవాళ్ళు దయచేసి అనకండి, అది మా డీలరు దగ్గర రోజూ వింటున్నాను.

రాజోలు టు సుఖుంవిత్:

రైతుగారూ, నాది రాజోలు. ఏడేళ్ళుగా బ్యాంకాక్‌లో ఉద్యోగం. మీ కాగితంలో ఉన్న మూడో రోజుని నేనొకసారి చూశాను కాబట్టి ముందు అది చెప్తాను.

వచ్చిన కొత్తలో అమ్మనీ నాన్ననీ తీసుకుని ఒక ఏనుగుల క్యాంపుకి వెళ్ళాను. పేరెందుకులెండి. అమ్మ చవితికి ఇరవయ్యొక్క పత్రీ లెక్కపెట్టి మరీ తెచ్చే మనిషి. ఏనుగెక్కగానే దండం పెట్టుకుంది. నాలుగడుగులు వేశాక మావటి అంకుశంతో చెవి వెనక గుచ్చాడు. అక్కడ పాత పుండు మీద కొత్త పుండు. "ఒరేయ్, దింపరా నన్ను" అని ఒకటే గొడవ. మధ్యలో దింపడానికి మెట్లు లేవు. చుట్టూ తిరిగి మళ్ళీ అరుగు దగ్గరికి వచ్చేదాకా అమ్మ కళ్ళు మూసుకునే కూర్చుంది. ఇంటికొచ్చి తలస్నానం చేసింది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఇది. అక్కడి మావటీలు పుట్టు దుర్మార్గులేం కాదు. వాళ్ళ తాతల కాలం నుంచి ఏనుగులతో అడవుల్లో దుంగలు లాగించేవారు. 1988లో దక్షిణాదిన పెద్ద వరదలొచ్చి, చెట్లు కొట్టేసిన కొండలు జారి, వందల మంది చచ్చిపోయారు. 1989లో ప్రభుత్వం అడవుల్లో కలప కొట్టడం ఆపేసింది. అడవికి మంచిదే, కానీ ఏనుగూ మావటీ ఒక్కసారిగా నిరుద్యోగులు. ఏనుగు రోజుకి 150 కిలోల పైనే తింటుంది, ఎవరు పెడతారు? కొందరు నగరం రోడ్ల మీద అడుక్కున్నారు, మిగతావాళ్ళు టూరిస్టుల దగ్గరికి చేరారు. ఇంకో వింత, పెంపుడు ఏనుగులు ఇప్పటికీ 1939 నాటి పశువుల చట్టం కిందే ఉన్నాయి. అంటే మీ దొడ్లో గేదె ఎలాగో అదీ అలాగే. అడవి ఏనుగుకి మాత్రం వన్యప్రాణి చట్టం.

పులిపిల్ల ఫొటో సంగతి. 2016లో కాంచనబురిలో ఒక బౌద్ధ ఆరామం నుంచి అధికారులు 137 పులుల్ని తరలించారు. ఫ్రీజర్లో 40 పులికూనల కళేబరాలు దొరికాయి. అక్కడికీ ఏళ్ళ తరబడి జనం ఫొటోల కోసమే వెళ్ళారు. మీ అమ్మాయికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

అసలుదో దొంగదో ఎలా తెలుస్తుందన్నారు. నేను వాడే ప్రశ్న ఒక్కటే: "జంతువు కనపడకపోతే ఏం చేస్తారు?" గ్యారంటీగా కనిపిస్తుంది, ముట్టుకోవచ్చు, స్నానం చేయించొచ్చు అన్నాడంటే ఫోను పెట్టేయండి. స్నానం మాత్రం మంచిదేగా అంటారు చాలామంది. 2025 జనవరిలో ఏనుగుకి స్నానం చేయిస్తూ ఒక స్పెయిన్ విద్యార్థిని దాని దంతం పోటుకి చనిపోయింది. కనపడకపోవచ్చు, అదృష్టం అన్నవాడి దగ్గర బుక్ చేసుకోండి.

చోటు అడిగారు కాబట్టి: ఖావో యాయ్. పెద్ద కొండ అని అర్థం. 1962లో ప్రకటించిన థాయ్‌లాండ్ మొదటి జాతీయ పార్కు, రెండు వేల చదరపు కిలోమీటర్ల పైన అడవి. చుట్టుపక్కల అడవులతో కలిపి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బ్యాంకాక్ నుంచి వ్యానులో మూడు గంటలు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరండి. విదేశీయులకి గేటు దగ్గర 400 బాత్‌లు, మన డబ్బుల్లో వెయ్యి దాటుతుంది. పార్కు దగ్గర్లోని పాక్ చోంగ్ ఊళ్ళో స్థానిక గైడుని తీసుకోవడం మంచిది. చెట్ల మీద గిబ్బన్‌ని, అంటే తోక లేని పొడుగు చేతుల కోతి లాంటిదాన్ని, పట్టడం మన కళ్ళ వల్ల కాదు, వాళ్ళు చెవితో పట్టేస్తారు.

మోకాళ్ళకి ఇబ్బంది లేదు. రోడ్డు అడవి మధ్యలోంచే పోతుంది, చాలావరకు బండిలోంచే చూడొచ్చు. హేవ్ సువాత్ జలపాతం పార్కింగుకి దగ్గర. హేవ్ నరోక్ మాత్రం వద్దు, మెట్లు నిటారుగా ఉంటాయి. నరోక్ అంటే మన నరకమే. 2019 అక్టోబరులో ఆ లోయలో పడి 11 ఏనుగులు చచ్చిపోయాయి. రోడ్డు మీద ఏనుగు ఎదురైతే దూరంగా ఆగాలి, హారన్ కొట్టకూడదు, ఫ్లాష్ వెయ్యకూడదు. చెత్త కూడా జాగ్రత్తండోయ్. 2020లో టెంట్ల దగ్గర చెత్త వదిలేసినవాళ్ళకి ఆ చెత్తనే అట్టపెట్టెలో పెట్టి పోస్టులో ఇంటికి పంపారు.

తిండి: వాళ్ళు కూరలో కూడా చేపల సాస్ వేస్తారు. "జే" అని అడగండి, పసుపు పచ్చ జెండా మీద ఎర్ర అక్షరంతో ఉంటుంది. మాంసం, చేప, గుడ్డు ఏదీ ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీకానికి అంతకన్నా ఏం కావాలి? శాకాహారానికి వాళ్ళ ఇంకో మాట "మంగ్సవిరత్". మాంసవిరతి, విన్నారా!

ఇంకోటి, విమానం ఎక్కేముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. 2025 మే నుంచి తప్పనిసరి. ఉచితం. డబ్బులడిగే సైటు అయితే అది దొంగది.

పాలకొల్లు ప్రసాదం:

ఆరు గంటలు వ్యానులో కూర్చుని, వెయ్యి రూపాయల టికెట్ కొని, జలగలతో కరిపించుకుని, చివరికి "కనపడకపోవచ్చు, అదృష్టం" అట. ఆ డబ్బులతో మారేడుమిల్లి నాలుగుసార్లు వెళ్ళి రావచ్చు, బొంగు చికెన్ అదనం. కార్తీకం తర్వాతే అనుకోండి.

రాజోలు టు సుఖుంవిత్:

మారేడుమిల్లికి మేత డీలరు టికెట్ కొనడు కదండీ. జలగలు వానాకాలంలో ఎక్కువ, నవంబరుకి తగ్గుతాయి. జలగ సాక్సులని మోకాలి దాకా వచ్చే గుడ్డ మేజోళ్ళు గైడు దగ్గరే దొరుకుతాయి.

మడపిట్ట:

రైతుగారికి నమస్కారం. నేను కోరంగి మడ అడవుల్లో కొన్నాళ్ళు సర్వే పని చేశాను. ఖావో యాయ్ బాగుంటుంది, కాదనను. కానీ మీరు రొయ్యల రైతు. మీరు చూడాల్సింది వేరే ఉందని నా అభిప్రాయం.

బ్యాంకాక్‌కి నైరుతి దిక్కున, గంటన్నర దూరంలో సముత్ సోంగ్‌ఖ్రామ్ అనే జిల్లా. అక్కడ ఖ్లోంగ్ ఖోన్ అనే ఊరు. పడవలో కూర్చునే మడ అంతా తిరగొచ్చు, మోకాళ్ళతో పనిలేదు. కోతులుంటాయి, తిండి పెట్టకండి, లాక్కోవడం మనమే నేర్పినట్టవుతుంది. పాటు మీద, అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తగ్గి, బురద తేలినప్పుడు జాలర్లు చెక్కపలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో తోసుకుంటూ గవ్వల కోసం జారిపోతుంటారు. అది చూసి తీరాలి.

అది ఎందుకంటే, 1960లకీ 1990లకీ మధ్య ఆ దేశంలో మడ దాదాపు సగం పోయింది. పెద్ద కారణాల్లో ఒకటి రొయ్యల చెరువులు. ఆ తర్వాత 2012, 2013ల్లో ఈఎంఎస్ అని, రొయ్యపిల్లలు తొందరగా చచ్చిపోయే రోగం వచ్చి వాళ్ళ రొయ్య కుప్పకూలింది. అప్పుడు మన వనామీకి ధర ఎలా పలికిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఖ్లోంగ్ ఖోన్‌లో ఊరివాళ్ళే మళ్ళీ మడ పెంచుకున్నారు. టూరిస్టుల చేత కూడా మొక్కలు నాటిస్తారు.

నాటడం గురించి ఒక్క మాట, నాకు కోపం వచ్చే విషయం కాబట్టి. మొక్క నాటి ఫొటో దిగితే మడ రాదు. ఉప్పుపిట్టలు మేసే ఖాళీ బురదలో నాటితే పిట్టల మేత కూడా పోతుంది. మడకి కావాల్సింది పోటు నీళ్ళు. మన గోదావరి మడలోనే, నీరు నిలిచి ఉప్పు తేలి చచ్చిపోయిన చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటూ పాటూ లోపలికి రానిచ్చారు. నీళ్ళు ఆడాక మొక్క నిలబడింది. చాలా చోట్ల దారి ఇస్తే చాలు, తెల్లమడ గింజలు నీళ్ళలో కొట్టుకొచ్చి వాటంతట అవే మొలుస్తాయి.

కాట్రేనికోన రైతు (నెల తర్వాత):

వెళ్ళొచ్చామండీ. ఆలస్యానికి క్షమించాలి, రాగానే ఒక చెరువులో వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం, ముందే రొయ్యలు పట్టేయాల్సొచ్చింది. 80 కౌంటుకే, అంటే కిలోకి 80 తూగే చిన్న సైజుకే, అమ్మేశాను.

ఖావో యాయ్‌కే వెళ్ళాం. డీలరు గారు మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ, ఆఖరి నిమిషంలో ముమ్మిడివరం రైతు ఒకాయన "నేనూ వస్తా" అని వ్యానెక్కేశాడు. దాంతో ఖర్చు మూడు వాటాలైంది.

ఏనుగు కనపడలేదు. పేడ కనపడింది, రోడ్డు మధ్యలో, ఇంకా ఆవిరి పోతోంది. గైడు కుర్రాడు దిగి చెయ్యి దగ్గరగా పెట్టి చూసి గంట కాలేదన్నాడు. అందరం కిటికీల్లోంచి ఆ పేడనే చూస్తూ కూర్చున్నాం. మా ఆవిడ దానికి ఫొటో తీసింది. అమ్మాయికి పంపితే వరసగా పది గుండెబొమ్మలు పెట్టింది.

గిబ్బన్లు ముందు వినపడ్డాయి. ఎవరో ఆడమనిషి దూరం నుంచి కూ అని మొదలెట్టి, గొంతు పెంచుతూ పెంచుతూ పోయినట్టు. మగది మధ్యలో అందుకుంది. మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే ఇలా పాడుకుంటాయట. "మీరు పొద్దున్నే లేచేది చెరువులో గాలి కలిపే ఏరేటర్ల కోసం" అంది మా ఆవిడ. హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పిట్ట నెత్తి మీంచి వెళ్తుంటే పెద్ద చేటతో ఎవరో విసురుతున్నట్టు చప్పుడు. జలగ మాత్రం నన్నొదిలేసి ముమ్మిడివరం ఆయన్ని పట్టుకుంది, సాక్సులొద్దన్నాడు కదా మరి.

సాయంత్రం పార్కు బయట ఒక కొండ గుహ దగ్గర ఆపాడు. చీకటి పడుతుండగా గబ్బిలాలు రావడం మొదలైంది. వస్తూనే ఉన్నాయి. వల లాగేటప్పుడు రొయ్యంతా ఒక మూలకి తిరిగి, మళ్ళీ ఇంకో మూలకి తిరుగుతుంది చూడండి, ఆకాశంలో అచ్చం అలాగే. అరగంట మెడలెత్తి చూశాం. ముమ్మిడివరం ఆయన మొత్తం ఎన్ని టన్నులుంటాయో లెక్క కట్టడానికి చూశాడు.

తిండికి ఆ పసుపు జెండా కొట్టు దొరికింది. టోఫూ అన్నం. ఉప్పు లేదు, అయినా తిన్నాం. రాత్రి పదకొండింటికి హోటల్‌కి చేరాం. మావాళ్ళు ఏనుగెక్కిన ఫొటోలు చూపించారు. బాగున్నాయి అన్నాను. ఏం చెప్తాం?

మడపిట్ట గారూ, మీరు చెప్పిన ఊరికి వెళ్ళలేకపోయాను. కానీ మీతో ఒక పనుంది. మా చెరువుల చివర, ఏటి వైపున, అరెకరం ముక్క ఉంది. 1990ల్లో టైగర్ రొయ్యల ఊపులో మా నాన్నా నేనూ కలిసి తవ్వించాం. అంతకు ముందు అక్కడేముందో మీరే ఊహించుకోండి. రోగాలతో మూడేళ్ళుగా ఎండబెట్టేశాను. బావురుపిల్లి కనపడ్డ గట్టు అదే. ఆ గట్టుకి గండి కొడితే పోటు నీళ్ళు లోపలిదాకా ఎక్కుతాయా, కాలువ తవ్వాలా, పక్క చెరువుకి ఊట దిగకుండా ఏం చెయ్యాలి? మా అమ్మాయి ఆదివారం వస్తోంది. మీరు కూడా ఒకసారి వచ్చి చూస్తారా? కార్తీకం అయిపోయింది, పీతల పులుసు పెడతాం.