సమస్య: ఇటుక నవ్వె మేస్త్రి యేడ్వసాగె

నిర్వాహకుడు: బీచ్ రోడ్డు దగ్గర ఓ చిన్న ప్రదర్శనలో మామూలు ఇటుకలే మనుషుల్లా కూర్చుని ఉన్నాయి. ఒకటి కాలు మీద కాలేసుకుంది, ఇంకోదానికి బొజ్జ జారింది. పేరు అచ్చువేసే గుంటనే ఆ సెరామిక్ కళాకారిణి నోరుగా మలిచారు. చూస్తున్న మేస్త్రి ఒకాయన "దీన్ని ఏ వరసలో పెట్టాలండీ?" అన్నాడు. పాదం అక్కడే పుట్టింది. ఇదే నాలుగో పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. కానివ్వండి.

ఉప్పుగాలి:
పచ్చి యిటుక గిల్లి పండ్లు పెదవి దిద్ది
బట్టిఁ గాల్చి తెచ్చెఁ బడతి నేఁడు
గోడఁ గట్టుమనిన గొంతు పెగలకుండ
ఇటుక నవ్వె మేస్త్రి యేడ్వసాగె

పెందుర్తి పిడుగు: యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరాలు) శుభ్రం. కానీ "పెగలకుండ" ద్రుతాంతం, అంటే చివర "న్" దాగిన మాట, తర్వాత "నిటుక" రావాలి. పైగా ఫొటో కింద క్యాప్షన్‌లా ఉంది. విరుపేదీ?

సీతమ్మధార:
తడియు నాఱకుండఁ దలకాయఁ దోసెను
తొందరేల యనిన దుడుకుతోడ
బట్టి నావిరెగసి పగిలెను నోరంత
ఇటుక నవ్వె మేస్త్రి యేడ్వసాగె

నిర్వాహకుడు: నవ్వంటే పగులు! భలే అమ్మా. ఇటుకంత మందం ముద్ద పైకి ఆరినట్టే ఉంటుంది, లోపలి తడి బట్టీలో ఆవిరై పగలగొడుతుంది. అందుకే తలకాయల్ని వెనక నుంచి తొలిచి డొల్ల చేస్తారు. మన ఉక్కపోతలో ఆరడం ఇంకా ఆలస్యం. "దుడుకుతోడ" ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది.

పెందుర్తి పిడుగు: ఇక నాది.
ఫ్లైయాషు కేల యింక పొయ్యితోఁ బని చెప్పు
నీటితోనె గట్టి నిలుతు ననుచు
బట్టి చల్లబడిన బతుకేమి యగునంచు
ఇటుక నవ్వె మేస్త్రి యేడ్వసాగె

ఉప్పుగాలి: మూడు మాత్రల సూర్యగణం చోట ఐదు మాత్రల తగణం! నా ద్రుతం పట్టుకున్న కళ్ళకు సొంత పద్యంలో మొదటి గణమే కనబడలేదా మాస్టారూ? ఫ్లై-పొ యతీ చెల్లదు. కైలాసగిరి రోప్‌వే పద్యంలో ర-ల యతి వేసి "రలయోరభేదః", ర-లలకు తేడా లేదు, అని బుకాయించింది కూడా తమరే కదా.

పెందుర్తి పిడుగు: పరవాడ థర్మల్ ప్లాంటు బూడిదతో చేసే ఇటుకను ఊరంతా ఫ్లైయాష్ అనే అంటుంది. రోప్‌వే గొడవ ఇప్పుడెందుకు? దాన్ని నిర్వాహకులే బాగుందన్నారు.

నిర్వాహకుడు: "భావం బాగుంది" అన్నాను. "ఫ్లైయాషు కేల యింక" తీసేసి "బూడిదిటుక కేల" అనండి, గణమూ యతీ రెండూ కుదురుతాయి. క్రమాలంకారం మాత్రం చక్కగా పడింది: సమస్యలోని వరసలోనే రెండో పాదం దాకా ఇటుక మాట, మూడోది మేస్త్రి మాట.

ఉప్పుగాలి: నిప్పే చూడని ఇటుక సెరామిక్ ఎలా అవుతుందో!

పెందుర్తి పిడుగు: సమస్యలో సెరామిక్ అని ఎక్కడుందండీ? రోప్‌వే పద్యం రాత్రికి మళ్ళీ పెడతాను. ర-ల సంగతి అక్కడే తేల్చుకుందాం.