ఉద్యోగం, పిల్లలు, రాత్రి కాస్త ఖాళీ: గిటార్ ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

గోదారిగట్టు:
నమస్కారమండీ. మాది రాజమండ్రి, బ్యాంకులో పని చేస్తాను, వయసు 39. మా తమ్ముడు బెంగళూరు వెళ్తూ తన గిటార్ మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. ఉక్కు తీగల అకూస్టిక్. చిన్నప్పుడు గీతాల దాకా సంగీతం నేర్చుకున్నాను, తర్వాత చదువులు, పెళ్ళి. ఇప్పుడు ఇది ఒళ్ళోకి తీసుకుంటే దించబుద్ధి కావడం లేదు. కానీ బ్రాంచిలో పని ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. మాస్టారి దగ్గరికి వెళ్ళే వీల్లేదు. వంటిల్లు సర్దాక తొమ్మిదిన్నరకి కాస్త ఖాళీ, అప్పుడు వాయిస్తే చిన్నవాడు లేస్తాడేమోనని భయం. సీ కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి పలికే పట్టు) పట్టుకుంటే వేళ్ళు మండిపోతున్నాయి, సగం తీగలు పలకవు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

విశాఖ షిఫ్టు:
కుదురుతుందండీ. నాది మూడు షిఫ్టుల ఉద్యోగం, నలభై దాటాక ఇంట్లోనే నేర్చుకున్నాను.

వేళ్ళ సంగతి తర్వాత, ముందు గిటార్‌ని చూడండి. పిల్లల స్కేలు తీసుకుని 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీలే ఫ్రెట్లు) దగ్గర లావు తీగకీ ఫ్రెట్ కమ్మీకీ మధ్య ఖాళీ కొలవండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లయితే బాగున్నట్టే. నాలుగుంటే ఎవరి వేళ్ళయినా మండుతాయి. మూలన పడున్న గిటార్ మెడ తీగల లాగుడుకి వంగుతుంది, మన కోస్తా తేమకి చెక్క ఉబ్బుతుంది, దాంతో తీగలు పైకి లేస్తాయి. వాయిద్యాలు బాగుచేసేవాళ్ళు మెడలోని రాడ్ బిగించి, బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు బిగించే చెక్క) మీద తీగలు ఆనే తెల్ల పట్టీని అడుగున అరగదీసి దించుతారు. పాత తీగలు కూడా తీయించి ‘టెన్’ సెట్ వేయించుకోండి. అంటే సన్న తీగ 0.010 అంగుళం. మామూలుగా వేసే ‘ట్వెల్వ్’ సెట్ కంటే చాలా మెత్తగా నొక్కుడు పడుతుంది. ఈ పని చేయించకుండా, తమకు చేతకాదనుకుని మానేసినవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నొక్కేటప్పుడు ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనక నొక్కండి. రెండు కమ్మీల నడుమ నొక్కితే బలం ఎక్కువ కావాలి, తీగ జరజరమంటుంది. గిన్నెలు తోమిన వెంటనే మాత్రం పట్టుకోకండి. నానిన చర్మం మీద తీగ కోసుకుపోతుంది. కొన్ని వారాలకి వేళ్ళ కొసలు కాయలు కాస్తాయి, మంట ఉండదు.

రోజూ పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కసారే రెండు గంటలు కూర్చుంటే చేతికి పట్టదు. ఏ మైనర్ నుంచి సీకి మారడంతో మొదలుపెట్టండి. చూపుడువేలు, నడిమివేలు ఉన్నచోటే ఉంటాయి, ఉంగరపువేలొక్కటే (సన్న తీగ నుంచి లెక్కపెడితే) మూడో తీగ మీంచి ఐదో తీగకి వెళ్తుంది. నిమిషం టైమర్ పెట్టి ఎన్నిసార్లు మారగలిగారో రాసుకోండి. వీడియోల్లో ఒక్క గురువునే పట్టుకోండి. నేను జస్టిన్ సాండర్‌కో సైట్ చూసి నేర్చుకున్నాను, పాఠాలు ఉచితం. చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా అదిమే ఎఫ్ బారె కార్డ్ దగ్గర ఆగిపోకండి, దాని బదులు మూడు వేళ్ళతో ఎఫ్ మేజర్ సెవెన్ పట్టొచ్చు. ఇంకోటి, గిటార్‌ని సంచిలో పెట్టొద్దు, హాల్లో కంటికి కనబడేలా గోడకి తగిలించండి.

తంబూరా:
గీతాల దాకా వచ్చిందన్నావు కదమ్మా, అది చాలా పెద్ద పెట్టుబడి, వదులుకోకు. ఏదైనా ఒక్క తీగ తీసుకో. ఏమీ నొక్కకుండా మీటితే స. రి 1వ ఫ్రెట్, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై స 12. సరళీ వరుసల రాగం మాయామాళవగౌళ వచ్చేసింది! సరళీ వరుసలు నోటితో పాడుతూ వాయించు. స్వరం తప్పితే నీ చెవే పట్టేస్తుంది, మాస్టారు అక్కర్లేదు. నీ శ్రుతి ఐదైతే (అంటే జి స్వరం) మూడో తీగే నీ షడ్జం, ఐదున్నరైతే 1వ ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమిపట్టే క్లిప్పు) బిగించి, ఫ్రెట్లు అక్కణ్ణుంచి లెక్కపెట్టుకో. మీ పక్కనే పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఫ్రెట్లున్న వాయిద్యం మీదే గమకాలన్నీ పలికించారు. కార్డ్‌లు నేర్చుకో, కాదనను, కానీ నీ దారి ఇక్కణ్ణుంచే దగ్గర.

రాత్రిబడి:
చిన్నవాడి నిద్ర గురించి: బ్రిడ్జి పక్కన తీగల కింద చేతిరుమాలు మడిచి దూర్చండి. చప్పుడు గదిలోనే ఉంటుంది. మాది రెండు గదుల ఇల్లు, నేను రోజూ ఇలాగే వాయిస్తాను.

గోదారిగట్టు:
అందరికీ కృతజ్ఞతలండీ. స్కేలుతో కొలిచాను, నాలుగు కంటే ఎక్కువే ఉంది! నా శ్రుతి ఐదున్నర. తంబూరాగారూ, ఇవాళ సరళీ వరుసల్లో మొదటిది మూడో తీగ మీద పాడుతూ వాయించాను, మా పెద్దది వచ్చి పక్కన కూర్చుంది. షిఫ్టుగారూ, ఆ రాడ్ నేనే తిప్పుకోవచ్చా? తమ్ముడి సంచిలో ఎల్ ఆకారం తాళంచెవి ఒకటి దొరికింది.

విశాఖ షిఫ్టు:
మొదటిసారి మాత్రం తిప్పకండి. ఎక్కువ బిగిస్తే మెడ పాడైపోతుంది. బాగుచేసే అతని దగ్గర నిలబడి, పావు తిప్పుకి తీగ ఎంత దిగుతుందో చూసి రండి. కొత్త సెట్ కొని పట్టుకెళ్ళండి, ఆ తీగలు వేశాకే ఎత్తు సరిచేయమనండి.