రెండడుగుల గోడల పెంకుటింటికి ఏ వైర్‌లెస్ అలారం నప్పుతుంది?

పెంకుటిల్లు:
అందరికీ నమస్కారం. తణుకు దగ్గర పల్లెలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలి ఉంది. అమ్మ ఒక్కతే ఉంటుంది, 74 ఏళ్లు. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో. ఈమధ్య మా వీధిలోనే తాళం వేసి ఉన్న ఇంట్లో దొంగలు పడ్డారు. అప్పటి నుంచి అమ్మకి సరిగ్గా నిద్ర పట్టడం లేదు, నాకు ఇక్కడ ఒకటే టెన్షన్. ఏడాదిలో కొన్ని నెలలు అమ్మ నా దగ్గరికి వస్తుంది. అప్పుడు ఇంటికి తాళమే.

ఇల్లు ఎలా ఉంటుందో చెబుతాను. గోడలు రెండడుగుల మందం, సున్నం వేసినవి. మధ్యలో మండువా, దాని పైన గ్రిల్ లేదు. వీధి వైపు రెండు రెక్కల టేకు తలుపు, పక్క సందులోకి ఒకటి, పెరట్లోకి ఒకటి. పెరటి తలుపు ఇనపది. బాత్రూమ్ పెరట్లోనే ఉంది. కరెంటు తరచుగా పోతుంది, దాంతో పాటే ఇంటర్నెట్టూ పోతుంది. ఒక పిల్లి మండువాలోంచి వస్తూ పోతూ ఉంటుంది.

గోడలు చెక్కి వైర్లు లాగడం అమ్మకి ఇష్టం లేదు, కాబట్టి వైర్‌లెస్సే కావాలి. ఊళ్లో ఎలక్ట్రీషియన్ వైఫైతో పనిచేసే చవక కిట్ ఒకటి చూపించాడు. తమ్ముడేమో అమెరికా నుంచి మంచిది తెస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

కాకినాడ తీరం:
అక్కా, నాలుగు కెమెరాలు పెట్టించండి, చాలు. ఫోన్లో అన్నీ కనిపిస్తాయి. మళ్లీ అలారం ఎందుకు?

వైరింగ్ పని:
అమ్మా, నేను రాజమండ్రి చుట్టుపక్కల ఇళ్లకి అలారాలు, కెమెరాలు బిగిస్తుంటాను. కెమెరా వద్దనను. కానీ రాత్రి రెండింటికి ఎవరూ ఫోన్ చూస్తూ కూర్చోరు కదా. మామూలు కెమెరా అయితే దొంగ ఎలా వచ్చాడో తెల్లారాక చూపిస్తుంది. అలారం చేసే పని ఆ నిమిషంలోనే అమ్మగారినీ, పక్కింటివాళ్లనీ లేపడం. పెద్దావిడ ఒక్కరే ఉన్న ఇంటికి ముందు అదే కావాలి.

ముందు గోడల సంగతి చెప్తాను, ఎందుకంటే పాత ఇళ్లల్లో వైర్‌లెస్ దెబ్బతినేది అక్కడే. డబ్బా మీద "వంద మీటర్లు", "రెండు వందల మీటర్లు" అని రాసేది అడ్డేమీ లేని ఆరుబయట లెక్క. రెండడుగుల గోడలు రెండు దాటేసరికి అందులో ఎంత మిగులుతుందో బిగించి చూస్తే గానీ తెలియదు. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు మందపాటి గోడల్లో ఎక్కువ నీరసపడతాయి. 433 మెగాహెర్ట్జ్‌వీ, మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌వీ వాటికంటే బాగా దూసుకెళ్తాయి. అందుకే వైఫై సెన్సార్లున్న కిట్ మీ ఇంటికి వద్దంటాను. పైగా కరెంటు పోతే మీ రౌటర్ ఆగిపోతుంది. రౌటర్ ఆగితే ఆ సెన్సార్ ఎవరికి చెప్పుకోవాలి?

433లో కూడా అన్నీ ఒకటి కావు. చవక కిట్లలో సెన్సార్ ఎప్పుడూ ఒకే కోడ్ పంపుతుంది. పీటీ2262, ఈవీ1527 అనే చిప్‌లు ఉన్నవి ఈ రకమే. ఆ కోడ్‌ని ఒకసారి పట్టుకుంటే చాలు, చిన్న పరికరంతో మళ్లీ పంపించవచ్చు. రిమోట్ కూడా అలాంటిదే అయితే బయట నిలబడి అలారం ఆపేయవచ్చన్నమాట. మీ ఊరి దొంగ అంత చదువుకుని వస్తాడని నేను చెప్పను. నేను దాన్ని వద్దనే అసలు కారణం వేరు. ఆ సెన్సార్లు తలుపు తీసినప్పుడో, మనిషి కదిలినప్పుడో కోడ్ పంపడమే గానీ మిగతా వేళ పలకవు. బ్యాటరీ చచ్చిపోయినా, ఎవరైనా పీకేసినా ప్యానెల్‌కి, అంటే సెన్సార్ల మాట విని సైరన్ మోగించే పెట్టెకి, తెలియదు. నెలల తరబడి ఇంటికి కాపలా ఉందని మీరు అనుకుంటూ ఉంటారు, అక్కడ ఏమీ ఉండదు.

కాబట్టి షాపులో ఒక్క ప్రశ్న అడగండి: "సెన్సార్ పనిచేయడం మానేస్తే ప్యానెల్ నాకు చెబుతుందా?" మంచి వాటిలో సెన్సార్ కొద్ది నిమిషాలకోసారి "నేను ఉన్నాను" అని ప్యానెల్‌కి చెబుతూ ఉంటుంది. ఆ పలకరింపు ఆగితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. దీన్ని సూపర్‌విజన్ అంటారు. టూ-వే అని రాసి ఉంటే సెన్సార్ పంపడమే కాదు, ప్యానెల్ మాట వింటుంది కూడా. ఈఎన్ 50131 గ్రేడ్ 2 అన్న గుర్తు ఉంటే ఇళ్లకి సరిపడే యూరప్ ప్రమాణం అది. కొంచెం ఖరీదు ఎక్కువే, కానీ డబ్బు పెట్టాల్సింది అక్కడే. సెన్సార్లు తక్కువ కొన్నా పరవాలేదు.

తమ్ముడుగారిని మాత్రం అమెరికాది తేవద్దనండి. అక్కడి సెట్లు చాలావరకు 300 పైచిలుకు మెగాహెర్ట్జ్ మీదో, 902-928 మీదో నడుస్తాయి. ఆ 900 బ్యాండ్‌లో కొంత మన దగ్గర మొబైల్ కంపెనీలకి ఇచ్చినది. అక్కడ మామూలుగా అమ్మే వస్తువుకి ఇక్కడ అనుమతి లేకపోవచ్చు. అడాప్టర్ 120 వోల్టులదైతే మన 230కి కాలిపోతుంది. సెన్సార్ చెడిపోతే మార్చడానికి ఇక్కడ దొరకదు కూడా. ఇక్కడ కొనేదానికైనా ఈటీఏ, అంటే వైర్‌లెస్ పరికరాలకి కేంద్ర టెలికాం శాఖ ఇచ్చే అనుమతి, ఉందో లేదో అడగండి.

పెంకుటిల్లు:
చాలా థాంక్స్ అన్నయ్యగారూ. తమ్ముడికి చెప్పేశాను. సిమ్ కార్డు ఉన్న ప్యానెల్ తీసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా ఫోన్ వస్తుందట కదా? అమ్మ దగ్గర జియో సిమ్ ఒకటి అదనంగా ఉంది.

వైరింగ్ పని:
సిమ్ ఉండాల్సిందే. వైఫై గానీ లాన్ (కేబుల్‌తో ఇచ్చే ఇంటర్నెట్) గానీ, దానికి తోడు సిమ్, రెండూ ఉన్న ప్యానెల్ చూడండి. కానీ డబ్బా మీద "జీఎస్ఎం" అని మాత్రమే ఉంటే అది 2జీది. జియోకి 2జీ లేదు, ఆ ప్యానెల్లో జియో సిమ్ పనిచేయదు. 4జీ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. అది ఏ సిమ్‌తో నడుస్తుందో కొనే ముందు షాపులోనే వేసి చూపించమనండి. ప్యానెల్ పెట్టే చోట ఏ కంపెనీ సిగ్నల్ బాగా ఉంటే ఆ సిమ్ వేయండి. రీఛార్జ్ అయిపోతే అలారం మూగదైపోతుంది. ఆ తేదీ మీ ఫోన్లో పెట్టుకోండి, అమ్మగారి మీద వదలొద్దు.

ప్యానెల్లో సొంత బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో కూడా చూడండి. గాలివాన వస్తే గోదావరి జిల్లాల పల్లెల్లో కరెంటు ఎప్పుడొస్తుందో మీకు తెలుసు. 12 గంటల కంటే తక్కువైతే నేను ఒప్పుకోను. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టేయండి.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మాయ్, ఎలక్ట్రానిక్స్ మాటలన్నీ బాగున్నాయి. మండువా మీద గ్రిల్ లేదన్నావు. అది చదివాక మిగతావన్నీ నాకు చిన్నగా కనిపించాయి. ముందు దానికి ఇనప చట్రం వేయించు. వాన, వెలుతురు ఎలాగూ వస్తాయి, మనిషి దిగలేడు. తలుపులకి లోపలి గడియలు సరిగ్గా పడుతున్నాయో చూడు. బంగారం బీరువాలో ఉంటే బ్యాంకు లాకర్లో పెట్టించు. అలారం మోగాక మనుషులు రావడానికి పట్టే సమయం దొంగకి దొరక్కుండా చేసేవి ఇవే.

వైరింగ్ పని:
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేనూ గ్రిల్ అయ్యాకే అలారం బిగిస్తాను.

పెంకులు తీసి దిగే అవకాశం ఉంటుంది కాబట్టి సెన్సార్లు తలుపులకే పెడితే చాలదు. అలాగని మండువా మధ్యకి చూసేలా మోషన్ సెన్సార్ పెట్టొద్దు. ఎండ, వాన, పిల్లి, కాకి, అన్నీ అందులోనే. రోజూ ఊరికే మోగితే పక్కింటివాళ్లు పట్టించుకోవడం మానేస్తారు. మండువా చుట్టూ వసారాలోంచి గదుల్లోకి వెళ్లే గుమ్మాల పైన కర్టెన్ సెన్సార్లు పెట్టండి. అవి సన్నగా, తెర దించినట్టు గుమ్మం వరకే చూస్తాయి. అన్ని గుమ్మాలకీ అక్కర్లేదు. బీరువా ఉన్న గది, అమ్మగారు పడుకునే గది చాలు.

ఇంకో విషయం చాలామంది చెప్పరు. కర్టెన్‌దైనా, మామూలుదైనా మోషన్ సెన్సార్ మనిషి ఒంటి వేడికీ, గది వేడికీ ఉన్న తేడాని చూసి పనిచేస్తుంది. మే నెలలో పెంకుటింట్లో గది కూడా ఒంటితో సమానంగా కాగుతుంది. అప్పుడు దానికి చూపు మందగిస్తుంది. టెంపరేచర్ కాంపెన్సేషన్ అని రాసి ఉన్నది తీసుకుంటే కొంత నయం. గది లోపల మామూలు మోషన్ సెన్సార్ పెడితే ఏడడుగుల ఎత్తున, మూలలో, మనిషి దాని ముందు అడ్డంగా నడిచేలా పెట్టాలి. ఎదురుగా నడిచి వస్తే ఆలస్యంగా పసిగడుతుంది. బల్లి అద్దం మీద పాకినా మోగుతుంది, అప్పుడప్పుడూ తుడవాలి.

తలుపులకి అయస్కాంతం సెన్సార్లు. పాత టేకు తలుపు వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో సందు పెరుగుతుంది. ఆ రెండు ముక్కల మధ్య ఎడం ఎంత వరకు తట్టుకుంటుందో చూసి కొనండి. రెండు రెక్కలకీ చెరొకటి పెట్టాలి, ఒకదానికే పెడితే రెండో రెక్క తీసి వస్తారు. పెరటి ఇనప తలుపు మీద నేరుగా పెడితే ఇనుము అయస్కాంతం బలాన్ని లాగేస్తుంది, మధ్యలో చెక్క ముక్క వేయాలి. ఇక కిట్‌తో వచ్చే రెండు వైపులా అంటించే టేపు సున్నం గోడకి నిలవదు, పొడి రాలి ఊడిపోతుంది. ద్వారబంధానికో, దూలానికో చిన్న మరలతో బిగించమనండి. గోడ చెక్కే పనే ఉండదు.

కరీంనగర్ కోడలు:
అక్కా, మా అత్తమ్మ ఒక్కరే ఉంటారు, వాళ్ల ఇంట్లో పోయినేడు పెట్టించాం. అన్నీ సరిగ్గా ఉన్నా ఆమె దాన్ని ఆన్ చేయడం మానేసింది. నెంబర్లు నొక్కడం గుర్తుండదు, మోగితే భయం. చివరికి రెండు బటన్ల రిమోట్ ఒకటి మెడలో తాడుకి కట్టి ఇచ్చాం, ఒకటి పడుకునేటప్పుడు ఆన్ చేయడానికి, ఒకటి పొద్దున ఆపడానికి. మంచం పక్కన పానిక్ బటన్ ఒకటి పెట్టాం. పడిపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా నొక్కమన్నాం, దొంగల కోసమే కాదు. ఇప్పుడు ఆమెకి ఆ బటన్ మీదే ఎక్కువ నమ్మకం. మీ అమ్మగారితో పగటిపూట ఒకసారి మోగించి, ఆపించి చూపించండి. ఆ సైరన్ రాత్రి మొదటిసారి వింటే గుండె ఆగినంత పనవుతుంది.

పెంకుటిల్లు:
ఇది నాకు అసలు తట్టలేదు చెల్లీ. మా అమ్మ రాత్రి కనీసం ఒకసారైనా పెరట్లో బాత్రూమ్‌కి వెళ్తుంది. ప్రతిసారీ ఆపి, మళ్లీ ఆన్ చేయాలా?

వైరింగ్ పని:
పూర్తిగా తప్పించలేం గానీ, తేలిక చేయవచ్చు. ప్యానెల్లో హోమ్ మోడ్ ఉంటుంది, నైట్ మోడ్ అని కూడా అంటారు. ఆ మోడ్‌లో ఏ సెన్సార్లు మెలకువగా ఉండాలో మనమే ఎంచుకోవచ్చు. వీధి తలుపు, సందు తలుపు, బీరువా గది గుమ్మం మెలకువగా ఉంటాయి. అమ్మగారి గదిలోవి నిద్రపోతాయి. పెరటి తలుపుకి మాత్రం ఎంట్రీ డిలే పెట్టించండి. తలుపు తీయగానే ప్యానెల్ మెల్లగా బీప్ కొడుతుంది, ఒక నిమిషంలోపు రిమోట్ నొక్కితే సైరన్ మోగదు. ఆవిడ వెళ్లి వచ్చి పడుకునేటప్పుడు మళ్లీ నొక్కాలి, అది తప్పదు. కుదిరితే వసారాలోనే చిన్న బాత్రూమ్ కట్టించండి. 74 ఏళ్ల మనిషి చీకట్లో పెరట్లోకి నడవడం దొంగల కంటే నాకు ఎక్కువ భయం.

కాకినాడ తీరం:
అన్నా, ఇప్పుడు జామర్లు వస్తున్నాయంటున్నారు. వైర్‌లెస్ అయితే సిగ్నల్ ఆపేస్తే అంతే కదా?

వైరింగ్ పని:
ఆ మాట కొట్టిపారేయను తమ్ముడూ. మంచి ప్యానెల్ తన ఛానెల్‌లో గోల పెరిగితే జామింగ్ అని గుర్తించి హెచ్చరిస్తుంది, కొన్ని ఛానెల్ మారుస్తాయి. ఇది కూడా అడిగి కొనాలి. జామర్‌కి భయపడి అలారమే మానేయడం మాత్రం వద్దు.

రిటైర్డ్ మాస్టారు:
ఇంకొకటి. ఇంటికి తాళం వేసి హైదరాబాద్ వెళ్లే నెలల్లో పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల దగ్గర ఎల్‌హెచ్‌ఎంఎస్ అని, తాళం వేసిన ఇళ్లని కనిపెట్టి ఉండే పద్ధతి ఉంది. అడిగితే ఇంట్లో కదలికలు పట్టే కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. మీ స్టేషన్‌లో అది ఇప్పుడు నడుస్తోందో లేదో కనుక్కోండి.

అలారం ఎవరికి ఫోన్ చేయాలన్నది కూడా ముఖ్యం. మొదటి నెంబరు నీది పెట్టుకోకు. హైదరాబాద్ నుంచి నువ్వు చేయగలిగేది 112కి ఫోన్ చేయడమే. మొదట వీధిలో ఉన్నవాళ్లది, తాళంచెవి వాళ్ల దగ్గర ఉంచు. ఇద్దరికి చెప్పి ఉంచు, ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు ఉంటారు.

పెంకుటిల్లు:
ఎదురింటి బాబాయిగారు, పక్క సందులో మా పెద్దమ్మ కొడుకు. ఇద్దరినీ అడిగాను, సరేనన్నారు. గ్రిల్‌కి కొలతలు తీసుకోమని చెప్పాను. షాపు ఆయన సెట్ ఇంటికి తెచ్చి చూపిస్తానంటున్నాడు, ఈ ఆదివారం నేనూ వెళ్తున్నాను. డబ్బు ఇచ్చే ముందు ఏం చూడాలి?

వైరింగ్ పని:
ప్యానెల్‌ని ఇంటి మధ్యలో పెట్టించండి, వీధి తలుపు పక్కన వద్దు. బీరువాకీ, ఫ్రిజ్‌కీ వెనక వద్దు. తలుపులన్నీ వేయించి, ఒక్క సెన్సార్‌ని చేత్తో పట్టుకుని పెరటి తలుపు దగ్గరికి వెళ్లండి. ప్యానెల్లో సిగ్నల్ టెస్ట్ ఉంటుంది, అక్కడ గీతలు బాగా కనిపిస్తే మిగతా చోట్ల దాదాపు ఇబ్బంది ఉండదు. ఒక్క గీతే వస్తే రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే పెట్టె) కూడా బిల్లులో వేయించండి, లేదంటే ఆ సెట్ వద్దని చెప్పండి. తర్వాత మెయిన్ ఆపేసి తలుపు తీయండి. ఎదురింటి బాబాయిగారి ఫోన్ మోగాకే డబ్బు ఇవ్వండి.